బోడిమెట్ట ట్రాక్టరుకు క్లచ్చు

బోడిమెట్ట నెత్తిన మామిడితోట పెట్టాలన్న ఆలోచన ఎవరిదో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. పర్వతసాగు అభివృద్ధి సంస్థకు మెట్ట కింద, బావి పక్కనే, బల్లపరుపుగా మంచి నేల ఉంది. కాని సంస్థ పేరులో పర్వతం పెట్టుకుని బల్లపరుపు నేలలో మొక్క నాటితే రేపు తనిఖీకి వచ్చినవాళ్లు ఊరుకుంటారా? అందుకని మామిడి అంట్లన్నీ మెట్ట మీద నాటారు. నీళ్లకు మాత్రం ఆదేశాలు అందకపోవడం వల్ల అవి బావిలోనే ఉండిపోయాయి.

ఆ నీళ్లను ఆడకూలీలు బిందెలకెత్తి, నెత్తిన పెట్టుకుని మోసేవాళ్లు. పైకి చేరేసరికి బిందెలో సగమే మిగిలేది. సంస్థకు ఒక పెద్ద ట్రాక్టరు ఉండేది గాని, ట్యాంకరు తగిలించి మెట్ట వైపు తిప్పితే అది ముందు చక్రాలు రెండూ పైకెత్తి దండం పెట్టేది. దాని డ్రైవరు బోని గురువులు కూడా కిందికి దిగి దండం పెట్టేవాడు.

గురువులు దినకూలి డ్రైవరు. మీసం నల్లగా ఉన్నప్పుడు చేరాడు, ఇప్పుడు మీసానికి రంగు వేసుకోవడం కూడా మానేశాడు, ఉద్యోగం మాత్రం దినకూలిగానే ఉంది. క్లచ్చు తొక్కడంలో ఆ చుట్టుపక్కల అంతటివాడు లేడు. ఆయన గేరు మారిస్తే బానెట్టు మీద పెట్టిన టీగ్లాసు తొణకదని చెప్పుకునేవాళ్లు. ఎడమకాలు దానంతటదే లేచేది, దానంతటదే దిగేది. నిద్రలో కూడా దిగేది. ఆ సంగతి కావాలంటే ఆయన భార్య సన్యాసమ్మను అడగవచ్చు, ఆవిడ మోకాలు చూపిస్తుంది.

ఆయనకు ఒకటే కోరిక. పర్మనెంటు కావాలి. పర్మనెంటయితే ఏం చేస్తావురా అని ఎవరైనా అడిగితే, "జొరమొత్తే జీతంతోటి పడుకుంటాను" అనేవాడు. ఇన్నేళ్లలో జ్వరం వచ్చిన రోజల్లా కూలి పోయింది. అలాంటిది, తను దుప్పటి ముసుగేసుకుని మూలుగుతూ ఉంటే జీతం దాని పని అది చూసుకుంటూ నడవడం ఎలా ఉంటుందో బతికుండగా ఒక్కసారి చూడాలని ఆశ. కాని ఉగాది దాటితే వయసు దాటిపోతుంది. ఆ తరవాత సాక్షాత్తు బ్రహ్మదేవుడు సంతకం పెట్టినా పర్మనెంటు కాడు.

సరిగ్గా ఆ సమయంలో చిన్న ట్రాక్టరు దిగింది. నారింజరంగులో, ముద్దుగా, పెద్ద ట్రాక్టరు ఈనినట్టు ఉంది. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అసిస్టెంట్ డైరెక్టర్ సీతాపతి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మంచివాడు. ఇంటి దగ్గర మనలాగే మాట్లాడతారు, మైకు గాని ఫైలు గాని కనబడితేనే భాష మారిపోతుంది.

"సోదర సోదరీమణులారా! ఇది హైడ్రోస్టాటిక్ ట్రాక్టరు. అనగా నూనె యొక్క ఒత్తిడి చేత చక్రములు తిరుగును. అనగా..." అని కాస్త ఆగి, "మిగతాది గురువులు చూసుకుంటాడు. నీళ్ల ట్యాంకరు సహితంగా దీనిని మెట్ట ఎక్కించిన చోదకుని పర్మనెంటు చేయుటకు సంస్థ సూత్రప్రాయంగా అంగీకరించినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను" అన్నారు.

గురువులు చెవులు రిక్కించుకున్నాడు. "సూత్రప్రాయంగా అంటే ఏటండి?" అని పక్కనున్న గుమాస్తాను అడిగాడు. ఇస్తామని గాని ఇవ్వమని గాని కాదని గుమాస్తా చెప్పాడు. అదైనా ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు కదా అని గురువులు పొంగిపోయాడు.

బండిని దింపడానికి వచ్చిన కంపెనీ మెకానిక్కు ఆయన్ని సీటులో కూర్చోబెట్టాడు. గురువులు కింద చూశాడు, వంగి చూశాడు, ఎడమ పక్కనంతా తడిమి చూశాడు.

"క్లచ్చేది బాబూ?"

"దీనికి క్లచ్చు లేదు పెద్దాయనా. కుడికాలి కింద ఈ పెడల్ నొక్కితే ముందుకు పోతుంది, ఆ పక్కది నొక్కితే వెనక్కి వస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. గేర్లు మార్చే పని లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఎగుడులో ఇంజను మూలిగితే ఇంకా నొక్కకు. కాస్త కాలు వదులు. అప్పుడే ఎక్కుతుంది."

"క్లచ్చు నేదా? పప్పు నేకుండా పెళ్లి బోజనం ఎట్టినట్టుంది గదా బాబూ!" అన్నాడు గురువులు నిజంగానే బాధపడుతూ.

మెకానిక్కు చెప్పింది చెవికెక్కింది గాని కాలికెక్కలేదు. ట్యాంకరు తగిలించిన బండి కదలగానే ఎడమకాలు లేచి కాళ్ల కింది ఖాళీ పలక మీద దభీమని పడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. ఆడకూలీలు బిందెలు దించి మరీ నవ్వారు. మెట్ట మొదట్లో ఇంజను మూలిగింది. బండి మూలిగితే ఇంకాస్త తొక్కాలన్నది గురువులు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తెలిసిన శాస్త్రం. తొక్కాడు. అది ఇంకా మూలిగింది. పూర్తిగా తొక్కాడు. ఇంజను నోరు మూసుకుంది.

బిందె నెత్తిన పెట్టుకుని పక్కనుంచి ఎక్కుతున్న సన్యాసమ్మ ఆగింది.

"ఏటయ్యా, అది ఓపిక నేదు మొర్రో అని మూలుగుతుంటే ఇంకా తొక్కుతావేటి? బరువెత్తుకుని మెట్టెక్కినోల్లు ఎవులైనా పరిగెడతారేటి? కాత్త కాలొగ్గు."

"నువ్వా నాకు డ్రైవింగు సెప్పేది? ఎల్లెల్లు!"

"అయితే దిగు. నాను సూత్తాను."

నలుగురి ముందూ అనేసరికి గురువులుకు పౌరుషం వచ్చింది. దిగాడు. సన్యాసమ్మ బిందె దించి, చీర కుచ్చెళ్లు ఎగదోపి ఎక్కి కూర్చుంది. మెకానిక్కు ఇంజను మళ్లీ స్టార్టు చేశాడు. ఆవిడ నొక్కింది, అది మూలిగితే కాలు వదిలింది, ఊపిరి పీల్చుకుంటే మళ్లీ నొక్కింది. ఆవిడ కాళ్లకు క్లచ్చు అనేదొకటి ఉంటుందన్న సంగతే తెలియదు కనుక ఎడమకాలు బుద్ధిగా కూర్చుంది. బండి ట్యాంకరుతో సహా మలుపు తిరిగి మెట్ట మీదికి పోయింది. బిందె పట్టుకుని గురువులు వెనక నడిచాడు.

సిగ్గు మంచి మేస్టారు. మూడు నాలుగు పూటల్లో గురువులుకూ పట్టుబడింది. ఎడమకాలు మాత్రం ఖాళీ పలక మీద తాళం వేస్తూనే ఉండేది. దానికీ ఏదో ఒక పని ఉండాలి కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మొక్కలు చిగుళ్లు వేశాయి. ఆడవాళ్ల నెత్తిన బిందెలు దిగాయి. గురువులు ఏ దుప్పటి కప్పుకుని జ్వరం పడాలో కూడా నిర్ణయించుకున్నాడు.

అప్పుడు, పర్మనెంటు చేసే ముందు డ్రైవరుకు పరీక్ష పెట్టాలని నిబంధనల విభాగం నుంచి ఉమామహేశం గారు వచ్చారు.

ఉమామహేశం గారు బక్కపలచని మనిషి. ఎండలో కూడా గొడుగు ముడుచుకునే తిరుగుతారు, గొడుగు విప్పడానికి ఆఫీసులో ఎక్కడా ఉత్తర్వు లేదు. ఆయన ట్రాక్టరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, లోపలికి తొంగిచూసి, "క్లచ్చు ఏదీ?" అన్నారు.

"ఇందులో ఉండదండి. అది కొత్త విధానం," అన్నారు సీతాపతి గారు.

"విధానం కొత్తదైనా నిబంధన పాతది. చోదకుడు వాలు ప్రదేశమునందు క్లచ్చును నియంత్రించు సామర్థ్యము కలిగి ఉండవలెను. అది నిరూపించనిదే ఉత్తీర్ణుడు కాజాలడు."

"లేని క్లచ్చును ఎలా నియంత్రిస్తాడండి? ఉన్నట్టు భావించి..."

"భావించుటకు పై అధికారి అనుమతి కావలెను."

"బాబూ, మెట్టెక్కించి సూపిత్తాను. రోజూ ఎక్కిత్తన్నాను," అన్నాడు గురువులు చేతులు కట్టుకుని.

"మెట్ట ఎక్కుట పరీక్షాంశము కాదు. మేకలు కూడా ఎక్కును." ఉమామహేశం గారు గొడుగు నేలకు ఆనించి కళ్లు మూసుకున్నారు. అలా మూసుకున్నప్పుడల్లా ఆయనకు తర్కం తోస్తుంది. "సీతాపతి గారూ, ట్రాక్టరు అనగా క్లచ్చు కలిగిన వాహనం. ఔనా?"

"ఔనండి."

"ఇది ట్రాక్టరు. ఔనా?"

"ఔనండి."

"కావున ఇందులో క్లచ్చు ఉండెను. ఇప్పుడు కానరాదు. కావున పోయినది. వాహనం ఎవరి స్వాధీనంలో ఉన్నది?"

అందరూ గురువులు వైపు చూశారు. గురువులు కూడా, అలవాటు కొద్దీ, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు.

ఆ మర్నాడే విచారణ సంఘం గురువులు ఇంటికి వచ్చింది. ఎవరి ఇంట్లోనూ అంత శ్రద్ధగా వెతికి ఉండరు. రుబ్బురోలు పొత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కుక్కరు మూతను అనుమానించారు. సన్యాసమ్మ గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"సూసుకోండి బాబూ, బాగా సూసుకోండి. ఉట్టి మీద సూడండి, అంబలి కుండలో సూడండి. దొరికితే నాకూ సూపించండి, ఆ క్లచ్చు మొకం ఎలగుంటాదో నానూ సూత్తాను! పుట్టనోడికి పేరెట్టి, పోయినాడని మా ఇంట్లో ఎతుకుతారేటి?"

విచారణ సంఘం ఆవిడ మాటలను "సహకరించినది" అని రాసుకుని వెళ్లిపోయింది. గురువులు మాత్రం అరుగు మీద కూలబడ్డాడు. పర్మనెంటు సంగతి దేవుడెరుగు, ఇన్నేళ్ల నౌకరీలో ఒక్క నట్టు కూడా ఇంటికి తెచ్చినవాడు కాదు, ఇప్పుడు దొంగ అయ్యాడు. ఉగాది ముంచుకొస్తోంది. ఆయనకు ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

ఆ కన్నీళ్ల కబురు సీతాపతి గారి దాకా పోయింది. చెప్పాను కదా, ఆయన మంచివాడు. ఆఫీసు పెరట్లో తుప్పుపట్టి పడి ఉన్న పెద్ద ట్రాక్టరు క్లచ్చు పెడలు ఊడదీయించి, వెల్డింగు షాపు బాషాను పిలిపించారు.

"ఈ పెడలును చిన్న ట్రాక్టరుకు ఎడమ పక్కన బిగించు."

"దేనికి కలపాలి సార్?"

"దేనికీ కలపనక్కర్లేదు."

బాషా వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మరి తొక్కితే ఏమవుతుంది సార్?"

"కిందికి పోవాలి. వదిలితే పైకి రావాలి. అంతకుమించి దాని నుంచి ఎవరూ ఏమీ ఆశించడం లేదు."

బాషా కింద ఒక స్ప్రింగు పెట్టి, పలకకు అతికించి, ఆఖరున ఆగలేక రెండు చుక్కలు నూనె కూడా పోశాడు. "పోయినదని భావించబడిన క్లచ్చు యథాస్థానమునందు లభ్యమైనది" అని నివేదిక వెళ్లింది. గురువులు దొంగ కాదని ఎవరూ అనలేదు గాని దొంగతనం జరగలేదని తేలింది. ఆయన పెడలు మీద ఎడమకాలు ఆనించి చూసుకున్నాడు. ఎన్నాళ్లకో పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా ఆ కాలు కుదుటపడింది.

వ్యవహారం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని నివేదిక చదివిన డైరెక్టరు గారికి ఉత్సాహం పుట్టింది. చిన్న ఉద్యోగికి ఉత్సాహం పుడితే ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు, పెద్ద ఉద్యోగికి పుడితే సంస్థంతా సర్దుకోవాలి. ఒక్క ట్రాక్టరులో ఇంత మార్పు తెచ్చిన క్లచ్చును మిగతా వాహనాలకు దూరం చేయడం అన్యాయమని ఆయనకు తోచింది. సంస్థలోని చక్రమున్న ప్రతి వస్తువుకూ క్లచ్చు ఉండవలెనని ఉత్తర్వు వెలువడింది.

బాషాకు పండగొచ్చింది. అటెండరు సైకిలుకు క్లచ్చు పెట్టాడు. మట్టి మోసే తోపుడు బండికి పెట్టాడు. ఎడ్లబండికి పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం పెడలు బండికా, ఎడ్లకా అన్న మీమాంస వచ్చి పని రెండు రోజులు ఆగింది. చక్రం బండికే ఉంది కనుక బండికే అని తేల్చారు. బండివాడు తొక్కాడు. ఎడ్లు కలగజేసుకోలేదు.

తరవాత క్లచ్చు వారోత్సవాలు జరిగాయి. బిందెలు మోసిన ఆడకూలీలందరినీ వరసలో నిలబెట్టి, కుడిచేయి చాపించి, "ఎగుడునందు గాని దిగుడునందు గాని క్లచ్చును విడనాడను" అని ప్రమాణం చేయించారు. పకోడీల పొట్లాలు కూడా పంచారు కనుక ప్రమాణం గట్టిగానే వినబడింది. సీతాపతి గారు మైకు ముందు మైమరచిపోయారు.

"క్లచ్చు అనునది కేవలం ఒక పెడలు కాదు. అది ఒక క్రమశిక్షణ. అది దేనికి కలిపి ఉన్నదని అడుగువారు కలరు. క్రమశిక్షణ దేనికి కలిపి ఉన్నదో మనం ఎన్నడైనా అడిగితిమా?"

అందరూ చప్పట్లు కొట్టారు. బాషా కూడా కొట్టాడు. గురువులుకు ఇవేవీ పట్టలేదు. ఉగాదికి ముందు పరీక్ష పెట్టేస్తే చాలని ఇలవేల్పుకు మొక్కుకున్నాడు.

ఉగాది ఇంకో రెండు మూడు రోజులుందనగా పరీక్ష పెట్టారు. మెట్ట కింద షామియానా వేశారు. డైరెక్టరు గారు జీపులో వచ్చారు. ట్యాంకరు నిండా నీళ్లు పట్టారు. ఉమామహేశం గారు ముడిచిన గొడుగుతో ట్రాక్టరు మడ్గార్డు మీద, గురువులు పక్కనే, ఎక్కి కూర్చున్నారు. పలక మీద చాక్‌పీసుతో గీత గీసి, ఎడమకాలు ఇక్కడ, కుడికాలు అక్కడ అని చూపించారు.

"మరొక్క మాట. ఎగుడునందు శక్తిని పెంపొందించవలెనని నిబంధన. కావున వాలు మొదలైనది మొదలు కుడికాలి పెడలును పూర్తిగా నొక్కి ఉంచవలెను."

గురువులు చేతులు జోడించాడు. "అలగ నొక్కితే ఆగిపోతాది బాబూ. కాత్త ఒగ్గాల."

"ఒగ్గుట అనగా శక్తిని తగ్గించుట. ఎక్కునప్పుడు తగ్గించువానిని ఉత్తీర్ణునిగా ప్రకటించుట ఎట్లు?"

ఇంక మాట్లాడి లాభం లేదు. తొక్కితే బండి ఆగుతుంది, వదిలితే పర్మనెంటు ఆగుతుంది. గురువులు ఇష్టదైవాన్ని తలుచుకుని బండిని కదిలించాడు. చదును మీద హాయిగా పోయింది. మెట్ట మొదలయింది. కుడికాలు పూర్తిగా నొక్కాడు. ఇంజను మూలిగింది. వెనక నీళ్ల బరువు గుంజింది. పొగ నల్లబడింది. ఇంకొక్క క్షణంలో నోరు మూసుకుంటుందనగా, దారి పక్కన నిలబడ్డ సన్యాసమ్మ రెండు చేతులూ తలమీద పెట్టుకోవడం కనబడింది.

ఆ కంగారులో గురువులు ఏమీ ఆలోచించలేదు. పాత ఎడమకాలు దానంతటదే లేచి క్లచ్చు మీద ధనామని పడింది. ఉమామహేశం గారి చూపు చటుక్కున ఎడమకాలి మీదికి పోయింది. ఆయన మనిషే గదా, చప్పుడైన వైపు చూశారు. ఆ అరక్షణంలో కుడికాలు కాస్త వదులయింది. ఇంజను ఊపిరి పీల్చుకుంది. బండి కదిలింది.

"భేష్!" అన్నారు ఉమామహేశం గారు.

ఇంకేం కావాలి? మలుపు మలుపుకూ ఇంజను మూలగడం, గురువులు క్లచ్చు మీద దరువు వేయడం, ఉమామహేశం గారు ఎడమకు చూడడం, కుడికాలు వదలడం, బండి ఎక్కడం. ఎక్కువ నిటారుగా ఉన్నచోట గురువులు "హే!" అని కేక కూడా వేసి తొక్కాడు. స్ప్రింగు కిర్రుకిర్రుమంది. మెట్ట మీదికి చేరేసరికి ఉమామహేశం గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనకే సీతాపతి గారు ఆయాసపడుతూ నడిచి వచ్చారు.

"సీతాపతి గారూ, మా విభాగంలో ఇన్నాళ్లూ క్లచ్చును కాగితం మీదే చూశాను. అది పడగానే యంత్రం ఎట్లు తేరుకున్నదో చూచితిరా! ఇది కళ." ఆ ఉద్వేగంలో ఆయన గొడుగు విప్పేశారు. వెంటనే తెలివి తెచ్చుకుని ముడిచేశారు.

ఉగాది ముందురోజు ఉత్తర్వు వచ్చింది. షామియానా ఇంకా విప్పలేదు కనుక దాని కిందే సభ పెట్టారు. సీతాపతి గారు చదివారు. బోని గురువులు అనునతడు క్లచ్చు నియంత్రణయందు అసాధారణ ప్రతిభ కనబరచినందున, ఆతనిని క్లచ్చు ఆపరేటరుగా పర్మనెంటు చేయడమైనది.

గురువులు ఒళ్లు పులకరించింది. సన్యాసమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతలో సీతాపతి గారు గొంతు తగ్గించి తరవాతి వాక్యం చదివారు. క్లచ్చు ఆపరేటరు క్లచ్చును మాత్రమే తొక్కవలెను. ఇతర పెడళ్లు తొక్కరాదు.

"మరి కుడికాలు బాబూ?" అన్నాడు గురువులు.

"కుడికాలి పెడలు గురించి నిబంధనల్లో ఎక్కడా లేదు గురువులూ. నిబంధన లేదు గనుక పోస్టు లేదు. పోస్టు లేని పని పర్మనెంటు ఉద్యోగి చేయకూడదు. నీ ఎడమకాలి వరకు పర్మనెంటు."

"అయితే ఆ పెడలు ఎవులు తొక్కుతారండి?" అని అడిగింది సన్యాసమ్మ.

"ఎవరైనా తొక్కవచ్చు. దినకూలి మీద."

సన్యాసమ్మ కుచ్చెళ్లు ఎగదోపింది.

ఆ రోజు నుంచి బోడిమెట్ట ఎక్కడం ఇలా జరిగేది. సీటులో సన్యాసమ్మ కూర్చునేది. గురువులు కొత్త ఖాకీ చొక్కా వేసుకుని, గుండె మీద పేరున్న బిళ్ల పెట్టుకుని, పక్కన పలక మీద నిలబడి, మడ్గార్డు పట్టుకుని ఎడమకాలితో క్లచ్చు తొక్కేవాడు. ఇంజను మూలిగినప్పుడు ఆవిడ కుడికాలు వదిలేది, ఈయన ఎడమకాలు దించేవాడు. ఎవరు ముందో చెప్పడం కష్టంగా ఉండేది. పర్మనెంటు ఉద్యోగికి ఆవిడ మర్యాద కూడా ఇచ్చేది.

"క్లచ్చు ఆపరేటరు గారూ, కాత్త పక్కకి జరగండి. మలుపు కనబడ్డం నేదు."

"ఎకసెక్కాలాడకే. డూటీలో ఉన్నాను."

ఎండలు ముదిరాయి. ఒక సోమవారం పొద్దున్న గురువులుకు జ్వరం వచ్చింది.

మామూలు జ్వరం కాదు, ఒళ్లు కాలే జ్వరం. ఆయన ఆనందానికి హద్దుల్లేవు. ముందే అనుకున్న దుప్పటి తీయించుకుని కప్పుకున్నాడు. సన్యాసమ్మ మిరియాల కషాయం ఇచ్చి, నుదుటి మీద చెయ్యేసి చూసింది.

"పొయ్యి మీద పెనంలాగుంది. డాకటేరు కాడికి ఎల్దామా?"

"ఉండవే. కాసేపు పడుకోనీ. జీతం నడుత్తంది," అన్నాడు గురువులు కళ్లు మూసుకుని, పళ్లు టకటకా కొట్టుకుంటుండగా.

గడియ కూడా గడవలేదు, సీతాపతి గారు స్వయంగా గుమ్మంలోకి వచ్చారు. గురువులు లేవబోతే వద్దని చేత్తో ఆపారు. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"గురువులూ, నీ సెలవు మంజూరు చేశాను. అది నీ హక్కు. కాని క్లచ్చు ఆపరేటరు లేనిదే ట్రాక్టరు కదలరాదు. మెట్ట మీద మొక్కలు ఈ ఎండకు రెండు రోజులు ఆగవు. మళ్లీ ఆడవాళ్ల నెత్తిన బిందెలు పెట్టాలి."

"ఎందుకండి బిందెలు? బండి నాను తోలుకెల్తాను. ఆ క్లచ్చు దేనికీ..." అంటూ సన్యాసమ్మ భర్త వైపు చూసింది.

గురువులు దుప్పట్లోంచి ఆవిడనే చూస్తున్నాడు. ఖాకీ చొక్కా గోడ మేకుకు వేలాడుతోంది, బిళ్ల మీద పేరు మెరుస్తోంది. ఆ క్లచ్చు దేనికీ కలిపి లేదన్నది ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. ఆ మాట పైకి అంటే బిళ్ల మీద పేరుండదని కూడా ముగ్గురికీ తెలుసు. సన్యాసమ్మ మాట మింగేసింది.

"ఆ క్లచ్చు దేనికీ దూరంగా ఉండకూడదు కదండీ. ఆపరేటరు రానేనప్పుడు క్లచ్చునే ఆపరేటరు కాడికి తీసుకొత్తే సరి," అంది.

సీతాపతి గారి ముఖం విప్పారింది. సాయంత్రం లోపల "క్లచ్చును ఆపరేటరు నివాసమునకు తాత్కాలికముగా తరలించడమైనది" అని ఉత్తర్వు తయారయింది. బాషా అతుకు విప్పి, పెడలును స్ప్రింగుతో సహా ఒక చెక్కకు బిగించి, మంచం కాళ్ల వైపు పెట్టాడు. గురువులు దుప్పట్లోంచి ఎడమకాలు చాపి చూసుకున్నాడు. సరిగ్గా అందింది.

మర్నాడు పొద్దున్న సన్యాసమ్మ ఒక్కతే ట్యాంకరు తీసుకుని బయల్దేరింది. ఇంటికీ మెట్టకూ మధ్య చప్పుడు బాగానే వినబడుతుంది. గురువులు కళ్లు మూసుకుని చెవులు అటు పెట్టాడు. ఇంజను చదును మీద హాయిగా పోయింది. మెట్ట మొదలయింది. మూలిగింది. గురువులు జ్వరంలోనే పళ్లు బిగబట్టి క్లచ్చు తొక్కాడు. మూలుగు తగ్గింది. మళ్లీ మూలిగింది. మళ్లీ తొక్కాడు. పెద్ద మలుపు దగ్గర చప్పుడు మరీ లోతుకు పోయింది. మంచం ఊగిపోయేలా "హే!" అని తొక్కాడు. కాసేపటికి మెట్ట మీద నుంచి పలచగా, తేలిగ్గా ఇంజను చప్పుడు వచ్చింది. ఒళ్లంతా చెమట పట్టింది.

సన్యాసమ్మ తిరిగివచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం పట్టె మీద కూర్చుని నుదురు తాకి చూసింది. జ్వరం దిగుతోంది.

"ఎలగెక్కింది?" అన్నాడు గురువులు నీరసంగా.

సన్యాసమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. బయటికి పోయిన ఎడమకాలిని దుప్పట్లోకి సర్దింది.

"నువ్వు తొక్కినావు కదా," అంది. "అలగే ఎక్కింది."

గురువులు తృప్తిగా అటు తిరిగి పడుకున్నాడు. కాసేపయ్యాక, రేపు కూడా డ్యూటీ ఉంటుందని గుర్తొచ్చి, ఎడమకాలు మళ్లీ దుప్పట్లోంచి బయట పెట్టుకున్నాడు.